కెనడాకు కొత్తగా వచ్చారా? ఇక్కడి టీవీ మనుషులతో పరిచయం పెంచుకోండి

నేను సస్కాచెవాన్ రాష్ట్రంలోని రెజైనాకు వచ్చిన మొదటి చలికాలం అది. ఆఫీసు లంచ్ రూములో అయిదారుగురం కూర్చుని తింటున్నాం. మాటల మధ్య ఒకాయన ‘వూలర్టన్’ అన్నాడు. అంతే, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా పక్కకు తిరిగి ఉమ్మినట్టు నటించి పగలబడి నవ్వారు. నేను పెరుగన్నం డబ్బా పట్టుకుని చూస్తూ ఉండిపోయాను. ఇంగ్లీషు రాక కాదు. ప్రతి మాటా అర్థమైంది, సంగతి మాత్రం అర్థం కాలేదు.

ఉద్యోగానికి కావాల్సిన సిన్ అనే ప్రభుత్వ నంబరు ఎక్కడ తీసుకోవాలి, బ్యాంకు ఖాతా ఎలా తెరవాలి, ఎలాంటి బూట్లు కొనాలి అని చెప్పేవాళ్ళు ఇక్కడ చాలామంది దొరుకుతారు. లంచ్ రూములో ఆ నవ్వు ఎందుకొచ్చిందో చెప్పేవాళ్ళు దొరకరు. అందుకే ఇది రాస్తున్నాను. మన దగ్గర ఎవరైనా బ్రహ్మానందం ముఖం పెట్టే తీరు ఒక్కసారి చూపిస్తే గదంతా నవ్వుతుంది కదా, వివరించాల్సిన పని ఉండదు. ఇక్కడివాళ్ళకూ అలాంటి మనుషులున్నారు. చిన్నప్పటి నుంచి చూసిన పాత్రలు, హోస్టులు వాళ్ళ మాటల్లో చుట్టాల్లా వచ్చిపోతుంటారు. మనలో చాలామంది ఇండియాలోనే అమెరికన్ సీరియల్స్ బాగా చూసి వస్తారు, కెనడావాళ్ళూ అవే చూస్తారు అనుకుంటారు. అవి కూడా చూస్తారు. కానీ మనసుకు దగ్గరివి అని చెప్పుకునేవి వేరే ఉంటాయి.

ఆ వూలర్టన్ ‘కార్నర్ గ్యాస్’ అనే కామెడీలోది. ఇక్కడ గ్యాస్ అంటే పెట్రోలు. సస్కాచెవాన్‌లో డాగ్ రివర్ అనే కల్పిత ఊరు, అందులో ఒక పెట్రోలు బంకు, దాని పక్కనే రూబీ అనే కాఫీ హోటలు. కథంతా ఇంతే. 2004లో సీటీవీ అనే ఛానల్లో మొదలై 2009 దాకా 107 ఎపిసోడ్లు నడిచింది. వూలర్టన్ పక్క ఊరు. దాని పేరు వినపడితే చాలు, డాగ్ రివర్ వాళ్ళంతా ఉమ్ముతారు. మన పల్లెల్లో పక్క ఊరివాళ్ళ మీద ఉండే పంతం ఎలాంటిదో తెలిసినవాళ్ళకు దీని గురించి ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

కొత్తగా వచ్చినవాళ్ళు మొదట చూడాల్సింది ఇదే అని నేను గట్టిగా చెబుతాను. ఎందుకంటే ఇందులో లేసీ అనే అమ్మాయి ఉంది. టొరంటోలో పెరిగింది. అత్త చనిపోయాక వారసత్వంగా వచ్చిన రూబీని నడపడానికి డాగ్ రివర్‌కు వస్తుంది. ఊళ్ళో అందరికీ అందరూ తెలుసు, ఆమెకు ఎవరూ తెలియరు. ఆమె మంచి ఉద్దేశంతో ఏదైనా మార్చబోతే ఊరంతా నసుగుతుంది. సొంత దేశంలోనే ఒక మూల నుంచి ఇంకో మూలకు వచ్చిన మనిషికే అంత తికమక అయితే, తెనాలి నుంచి వచ్చిన నాకు ఉండడంలో వింతేముంది అనిపించింది. ఆ మాటతో నాకు సగం టెన్షన్ తీరింది.

బంకు నడిపే బ్రెంట్ పాత్ర వేసిన బ్రెంట్ బట్ సస్కాచెవాన్‌లోని టిస్‌డేల్ ఊరివాడు. ఈ కార్యక్రమాన్ని సృష్టించిందీ ఆయనే. పని లేకుండా బంకులోనే కాలక్షేపం చేసే హాంక్, ఎప్పుడూ చిరాకుపడే బ్రెంట్ తండ్రి ఆస్కార్, ఆయన్ని ఒక్క మాటతో దారిలో పెట్టే తల్లి ఎమ్మా, ఊరికి ఉన్న ఇద్దరు పోలీసులు డేవిస్, కారెన్. డేవిస్‌గా నటించిన లోర్న్ కార్డినల్ క్రీ జాతికి చెందిన ఆదివాసీ నటుడు. ఆస్కార్ తిట్టే ఒక తిట్టు బాగా ప్రసిద్ధం, మీరు విన్నా ఆఫీసులో వాడకండి. పిల్లలతో కూర్చుని చూడదగ్గ కార్యక్రమమే. మాటలు మెల్లగా, స్పష్టంగా ఉంటాయి కాబట్టి యాస పట్టుకోవడానికీ పనికొస్తుంది. సీసీ అనే గుర్తు నొక్కితే కింద మాటలు అక్షరాల్లో వస్తాయి. మొదటి పది ఎపిసోడ్లు అలాగే చూడండి.

అప్పా, ఉమ్మా

రెండోది ‘కిమ్స్ కన్వీనియన్స్’. ఇది వినోదం కంటే ఎక్కువ. 2016 నుంచి 2021 దాకా సీబీసీ అనే ప్రభుత్వ ఛానల్లో వచ్చింది. ఇన్స్ చోయ్ రాసిన నాటకం నుంచి పుట్టింది, ఆ నాటకం 2011లో టొరంటో ఫ్రింజ్ ఉత్సవంలో మొదటిసారి ఆడారు. టొరంటోలో కిరాణా కొట్టు నడుపుకునే కొరియన్ కుటుంబం కథ. తండ్రిని అప్పా అంటారు, తల్లిని ఉమ్మా అంటారు. కొరియన్ మాటలైనా మన చెవికి పరాయిగా తోచవు.

అప్పా కొరియాలో టీచరు. ఇక్కడ కౌంటరు వెనక నిలబడి పాలు, చిప్స్, లాటరీ టికెట్లు అమ్ముతాడు. ఇండియాలో లెక్చరరుగానో, బ్యాంకులో ఆఫీసరుగానో చేసి వచ్చి ఇక్కడ గోడౌన్‌లో పెట్టెలు మోసేవాళ్ళు మనలోనూ ఉన్నారు. వాళ్ళు అప్పాను చూస్తే దుఃఖం కాదు, ధైర్యం వస్తుంది. ఎందుకంటే అప్పా తన కొట్టులో రాజులా నిలబడతాడు. ఎవరికీ తలవంచడు, ఎవరినీ చిన్నచూపు చూడడు, తప్పు చేసినప్పుడు ఆలస్యంగానైనా దిగివస్తాడు. ఆ పాత్రలో పాల్ సన్-హ్యుంగ్ లీ నటనను ఇక్కడ అందరూ గుండెల్లో పెట్టుకున్నారు. కస్టమరు వెళ్ళేటప్పుడు అప్పా అనే ‘ఓకే, సీ యూ’ ఇప్పటికీ జనం నోట వినిపిస్తుంది.

కొడుకు జంగ్ పదహారేళ్ళ వయసులో తండ్రితో గొడవపడి ఇల్లు వదిలి వెళ్ళినవాడు. తండ్రీ కొడుకులకు మాటల్లేవు. ఉమ్మా మాత్రం చాటుగా కొడుకును కలిసి వండిన కూరలు ఇచ్చి వస్తుంటుంది. కూతురు జానెట్ ఫొటోగ్రఫీ చదువుతుంది, అప్పాకు అదొక చదువే కాదు. టీనేజి పిల్లలతో వచ్చిన తల్లిదండ్రులు ఈ కార్యక్రమాన్ని పిల్లల పక్కన కూర్చుని చూడండి అని మనవి చేస్తున్నాను. మా ఇంట్లో నోరు తెరిచి చెప్పుకోలేని కొన్ని సంగతులు అప్పా మీద పెట్టి మాట్లాడుకోగలిగాం. “అమ్మా, నువ్వు ఇప్పుడు అప్పాలా మాట్లాడుతున్నావు” అని మా అమ్మాయి అన్న రోజు నేను కోప్పడలేదు, ఆగి ఆలోచించాను.

ఒక జాగ్రత్త. అప్పా యాసను ఎవరి ముందూ అనుకరించవద్దు. అది ఆ నటుడు తన తల్లిదండ్రుల తరం మీద ప్రేమతో చేసింది. కొరియన్ సహోద్యోగి ముందు మనం చేస్తే వెక్కిరింతే అవుతుంది. ఇంకొకటి కూడా తెలుసుకోవాలి: కార్యక్రమం ముగిశాక, రాసేవాళ్ళ గదిలో కొరియన్లకు తగినంత చోటు లేదని అందులో నటించినవాళ్ళే బయటికి చెప్పారు. జంగ్‌గా నటించిన సిము లియు, ఉమ్మాగా నటించిన జీన్ యూన్ ఇద్దరూ మాట్లాడారు. మన కథ మనం చెప్పుకోవడానికి ఇక్కడ ఇంకా పోరాడాల్సి వస్తుందని దాన్ని బట్టి తెలుస్తుంది.

డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులుగా వచ్చి లైసెన్సు కోసం పరీక్షలు రాస్తున్నవాళ్ళు ‘ట్రాన్స్‌ప్లాంట్’ చూడండి. సిరియా నుంచి చెల్లెలితో శరణార్థిగా వచ్చిన డాక్టర్ బషీర్ టొరంటోలో ఒక రెస్టారెంటులో పనిచేస్తూ మళ్ళీ ఆసుపత్రిలో అడుగుపెట్టే కథ. హమ్జా హక్ నటన చాలా బాగుంటుంది. నిజ జీవితంలో దారి అంత త్వరగా దొరకదు, అది గుర్తు పెట్టుకుని చూడాలి.

శనివారం రాత్రి హాకీ

ఇక హోస్టుల సంగతి. శనివారం రాత్రి అంటే ‘హాకీ నైట్ ఇన్ కెనడా’. ఇక్కడ హాకీ అంటే మంచుగడ్డ మీద ఆడే ఐస్ హాకీ. రేడియోలో 1931 నుంచి, టీవీలో 1952 నుంచి నడుస్తోంది. రాన్ మెక్లీన్ 1980ల నుంచి దాని ముఖం. ఆయన పక్కన డాన్ చెర్రీ అనే మాజీ కోచ్ రంగురంగుల కోట్లు వేసుకుని మూడు దశాబ్దాలకు పైగా కూర్చున్నాడు. 2019 నవంబరులో, వలస వచ్చినవాళ్ళు పాపీ అనే ఎర్రని పువ్వు గుర్తు పెట్టుకోవడం లేదని ప్రసారంలో నిందించి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ పేరు ఎత్తితే ఇప్పటికీ వాదన మొదలవుతుంది, కొత్తవాళ్ళు వినడమే మంచిది. పాపీ సంగతి మాత్రం తెలుసుకోండి. నవంబరు 11 యుద్ధాల్లో చనిపోయిన సైనికులను తలచుకునే రోజు. దానికి ముందు దుకాణాల దగ్గర ఎర్రని పువ్వు గుర్తు పెట్టెలు ఉంటాయి. మీకు తోచినంత వేసి ఒకటి తీసుకుని ఎడమవైపు, గుండెకు దగ్గరగా పెట్టుకుంటారు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ మన దేశం నుంచి లక్షల మంది వెళ్ళి పోరాడారు కదా. అందుకే నేను మనస్ఫూర్తిగా పెట్టుకుంటాను.

హాకీ నియమాలు అర్థం కాకపోతే పంజాబీ కామెంటరీతో మొదలుపెట్టండి. హిందీ కొంచెం వచ్చినా సగం తెలుస్తుంది, ఆ ఉత్సాహానికి భాష అక్కర్లేదు. ‘హాకీ నైట్ పంజాబీ’ 2008లో మొదలైంది. ఆల్బర్టాలోని బ్రూక్స్‌లో పుట్టిన హర్నారాయణ్ సింగ్ 2016 స్టాన్లీ కప్ ఫైనల్లో నిక్ బొనీనో గోల్ కొట్టినప్పుడు ఊపిరాడకుండా ‘బొనీనో, బొనీనో’ అని పలికిన తీరు దేశమంతా మారుమోగింది. తర్వాత ఆయన ఇంగ్లీషు కామెంటరీకీ వచ్చాడు. తలపాగాతో తెర మీద కనిపించే ఆ మనిషిని చూసినప్పుడల్లా ఈ దేశంలో మనకూ చోటుందని నాకు నమ్మకం కలుగుతుంది.

యాభై దాటిన కెనడావాళ్ళతో మాట్లాడుతుంటే రెండు పేర్లు గుర్తుంచుకోండి. ఒకటి మిస్టర్ డ్రెసప్. ఎర్నీ కూంబ్స్ అనే ఆయన 1967 నుంచి 1996 దాకా పిల్లల కార్యక్రమం నడిపాడు. ఆయన దగ్గర వేషాలు దాచే ఒక పెట్టె ఉండేది, కేసీ, ఫినిగన్ అనే బొమ్మలుండేవి. ఆయనా మనలా బయటి నుంచి వచ్చినవాడే. అమెరికాలో పుట్టి, 1994లో కెనడా పౌరసత్వం తీసుకున్నాడు.

రెండో పేరు అలెక్స్ ట్రెబెక్. పనిచేసింది ‘జెపర్డీ’ అనే అమెరికన్ క్విజ్‌లో అయినా ఆయన ఆంటారియోలోని సడ్‌బరీ ఊరి కొడుకు. తండ్రి ఉక్రెయిన్ నుంచి వలస వచ్చి హోటల్లో వంటచేసినవాడు. 1984 నుంచి 2020లో చనిపోయేదాకా, క్యాన్సరుతో బాధపడుతూ కూడా ఆయన ఆ క్విజ్ నడిపాడు. అదే ఏడాది సెప్టెంబరులో మన బాలుగారు పోయారు, నవంబరులో ఆయన పోయాడు. ‘పాడుతా తీయగా’లో తప్పు పాడిన పిల్లలకు కూడా బాలుగారు ఎంత మర్యాదగా చెప్పేవారో గుర్తుంది కదా. ట్రెబెక్ గురించి ఇక్కడివాళ్ళు సరిగ్గా అలాగే చెబుతారు. ఆ రెండు మరణాల గురించి నేనూ మా పక్కింటి పెద్దావిడా వంటింటి బల్ల దగ్గర కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాం. అప్పటిదాకా మా మధ్య మంచు ఊడ్వడం గురించి తప్ప వేరే మాట లేదు.

దేశం ఎంత పెద్దదో తెలుసుకోవాలంటే ‘స్టిల్ స్టాండింగ్’ చూడండి. జానీ హారిస్ 2015 నుంచి గనులు, మిల్లులు, చేపల వేట దెబ్బతిన్న చిన్న ఊళ్ళకు వెళ్ళి, అక్కడివాళ్ళతో రోజులు గడిపి, చివర్లో వాళ్ళ ముందే వాళ్ళ గురించి హాస్యం చెబుతాడు. ఎవరినీ నొప్పించడు. ఈయనే ‘మర్డాక్ మిస్టరీస్’లో పాతకాలపు టొరంటో కానిస్టేబుల్ జార్జ్ క్రాబ్‌ట్రీ. రాజకీయాలు తెలియాలంటే రిక్ మెర్సర్ పాత వీడియోలు వెతకండి. రంగులు పూసిన గోడల మధ్య టొరంటో సందులో నడుస్తూ ఒక్కో విషయం మీద ఉతికి ఆరేస్తాడు. వీళ్ళిద్దరిదీ న్యూఫౌండ్‌ల్యాండే. టీవీ ప్రకటనల్లో ‘ఎనిమిదికి, న్యూఫౌండ్‌ల్యాండ్‌లో ఎనిమిదిన్నరకు’ అని వినిపిస్తే కంగారు పడకండి, అక్కడి గడియారం పక్క ప్రాంతం కంటే అరగంట ముందుంటుంది.

ఖర్చు గురించి. కేబుల్ కనెక్షన్ వెంటనే తీసుకోవద్దు. సీబీసీ జెమ్ యాప్ ప్రకటనలతో ఉచితం. పెద్ద నగరాల్లో కిటికీ దగ్గర చిన్న యాంటెన్నా పెట్టుకుంటే కొన్ని ఛానళ్ళు నెలవారీ బిల్లు లేకుండా వస్తాయి. లైబ్రరీ కార్డు తీసుకుంటే పాత కార్యక్రమాల డీవీడీలు ఇంటికి తెచ్చుకోవచ్చు. ఏ కార్యక్రమం ఏ యాప్‌లో ఉందన్నది మారుతుంటుంది కాబట్టి ఒక్కదాని కోసం ఏడాది చందా కట్టొద్దు.

చూసినదంతా మర్నాడే ఆఫీసులో ఏకరువు పెట్టనక్కర్లేదు. “చిన్నప్పుడు మీరు ఏం చూసేవారు?” అని అడగండి చాలు. ఈమధ్య మా ఇంటికి భోజనానికి వచ్చిన ఒక స్టూడెంట్ అబ్బాయి, “అక్కా, వాళ్ళతో వాతావరణం తప్ప మాట్లాడ్డానికి ఏమీ లేదు” అన్నాడు. ఆ ఒక్క ప్రశ్న అడగమన్నాను. వారం తర్వాత ఫోన్ చేశాడు. వాళ్ళ మేనేజరు అరగంట మాట్లాడి, ‘కార్నర్ గ్యాస్’ మొదటి సీజన్ డీవీడీ తెచ్చి చేతిలో పెట్టాడట.

సస్కాచెవాన్‌లో ఉన్నవాళ్ళకు చివరగా ఒక సంగతి. డాగ్ రివర్‌ను చిత్రీకరించిన అసలు ఊరు రూలో. రెజైనా నుంచి దక్షిణంగా కారులో గంట లోపే చేరతారు. బంకు సెట్టును 2016లో తీసేశారు. డాగ్ రివర్ అని పేరు రాసి ఉన్న ధాన్యం గిడ్డంగి 2021లో కాలిపోయింది. అందుకని చూడ్డానికి ఏమీ ఉండదనుకోకండి, ఆ వీధులు, ఆ పొలాలు అలాగే ఉన్నాయి. వేసవిలో వెళ్ళండి. చలికాలమైతే బయల్దేరే ముందు రోడ్ల పరిస్థితి చూసుకుని, ట్యాంకు నింపుకుని, కారులో ఒక దుప్పటి పెట్టుకోండి.