కేటలాగ్ చేతికొచ్చాక: ఓరిఫ్లేమ్ తరహా అమ్మకంలో డబ్బు ఎక్కడ మిగులుతుంది

ఓరిఫ్లేమ్ లాంటి కంపెనీల సౌందర్య సామగ్రిని కేటలాగ్ చూపించి అమ్మే ఈ వ్యాపారంలో డబ్బు రెండు దారుల్లో వస్తుంది. మీరు కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా ఒకటి. నెల మొత్తం కొనుగోలును పాయింట్లుగా లెక్కగట్టి కంపెనీ ఇచ్చే శాతం రెండోది. చేర్పించేవాళ్లు రెండోదాని గురించే గంటసేపు చెబుతారు. కొత్తవాళ్ల చేతిలో మొదటి ఏడాది నిలిచేది మాత్రం మొదటిదే.

ఓరిఫ్లేమ్ 1967లో స్వీడన్‌లో పుట్టి, 1995లో మన దేశానికి వచ్చింది. కేటలాగ్ చూపించడం, ఆర్డరు తీసుకోవడం, సరుకు తెప్పించి ఇవ్వడం: పని అంతే. ఈ పద్ధతికి పెద్దన్న ఏవాన్. ఇంటింటికీ తిరిగి పుస్తకాలు అమ్మే డేవిడ్ మెకానెల్, తాను ఉచితంగా ఇస్తున్న సెంటుకే గిరాకీ ఎక్కువని గమనించి 1886లో న్యూయార్క్‌లో పెట్టిన సెంటు కంపెనీయే తర్వాత ఏవాన్ అయింది. శాంపిల్‌కు ఉన్న బలం ఈరోజుకీ తగ్గలేదు.

చేరే ముందు చూసుకోవలసినవి

రాతపూర్వక ఒప్పందం అడగండి. అందులో మూడు విషయాలు వెతకండి: జరిమానా కట్టకుండా తప్పుకోవడానికి ఎన్ని రోజుల గడువు ఉంది, అమ్ముడుపోని సరుకును ఏ షరతుల మీద వెనక్కి తీసుకుంటారు, ఎన్ని నెలలు ఆర్డరు పెట్టకపోతే మీ ఐడీ (సభ్యత్వ నంబరు) రద్దవుతుంది. ఫలానా వేల రూపాయల సరుకు కొంటేనే చేర్చుకుంటాం అంటే అక్కడే ఆగిపోండి. మనుషులను చేర్చినందుకే డబ్బు అన్న మాట వినిపిస్తే 1978 నాటి మనీ సర్క్యులేషన్ నిషేధ చట్టం గుర్తుకు రావాలి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఇదే తరహాలో అమ్మే మరో కంపెనీ ఆమ్వే కేసులో తీర్పిచ్చింది ఆ చట్టం మీదే.

2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ (దుకాణం లేకుండా నేరుగా అమ్మడం) నిబంధనల ప్రకారం గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా చెప్పకుండా కొనేవాళ్ల ఇంటికి వెళ్లకూడదు. ‘ఇటుగా వెళ్తూ వచ్చాను వదినా’ అని గడప తొక్కడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. వాట్సాప్‌లో ఒక్క మాట ముందు పెట్టండి.

తేడా లెక్క

ఎంఆర్‌పీ మీద మీకు 20 శాతం తగ్గింపు ఉందనుకుందాం. 5,000 రూపాయల సరుకు మీకు 4,000కు వస్తుంది, చేతిలో 1,000 మిగలాలి. తెలిసినవాళ్లే కదా అని 10 శాతం తగ్గించారు: 500 పోయింది. డెలివరీ చార్జీ, పెట్రోలు కలిపి 150. మిగిలింది 350. బేరంలో వదిలిన పది శాతం మీ లాభంలో సగం అన్నది చాలామందికి తట్టదు. ధర తగ్గించకండి, శాంపిల్ ఇవ్వండి. రెండు మూడు చిన్న ఆర్డర్లు విడివిడిగా పెట్టకుండా వారానికి ఒకటిగా కలిపితే డెలివరీ ఖర్చు కూడా తగ్గుతుంది.

పాయింట్ల లెక్క

ఓరిఫ్లేమ్ ఏళ్ల తరబడి వాడిన పట్టికలో 200 పాయింట్లకు 3 శాతం, 600కు 6, 1,200కు 9, 2,400కు 12 ఉండేవి. అలా పెరుగుతూ 10,000 పాయింట్లకు 21 శాతం. పట్టికలు మారుతుంటాయి కాబట్టి మీరు చేరేనాటిది యాప్‌లో చూసుకోండి. లెక్క నడిచే తీరు మాత్రం ఇదే.

పాయింటుకు 25 రూపాయల విలువ అనుకోండి, లెక్క కోసమే. మీ సొంత కొనుగోలు 200 పాయింట్లు. మీ కింద మీరు చేర్పించినవాళ్లు ముగ్గురు, ఒక్కొక్కరివి 400. మొత్తం 1,400, అంటే మీది 9 శాతం మెట్టు. మీ సొంత 5,000 మీద 9 శాతం, అంటే 450. ఆ ముగ్గురూ 3 శాతం మెట్టు మీద ఉన్నారు కాబట్టి వాళ్ల 30,000 మీద మీకు వచ్చేది తేడా 6 శాతమే, 1,800. మొత్తం 2,250. వచ్చే నెల ఆ ముగ్గురూ ఆర్డరు పెట్టకపోతే మీరు 200 పాయింట్ల దగ్గరికి జారతారు. వచ్చేది 150 రూపాయలు. వాళ్లలో ఒకరు బాగా అమ్మి మీ మెట్టుకు చేరినా ఆవిడ మీద మీకు వచ్చే తేడా సున్నా.

నెలాఖరున అప్‌లైన్, అంటే మిమ్మల్ని చేర్పించినవాళ్లు, ఫోన్ చేసి ‘ఇంకాస్త కొంటే పై మెట్టు’ అంటారు. అప్పుడు కాగితం తీయండి. మీరు 560 దగ్గర ఉంటే 40 పాయింట్లకు 1,000 రూపాయలు పెట్టాలి. 420 రావలసిన చోట 900 వస్తుంది, అంటే 480 అదనం. కొన్నది ఎలాగూ కదిలే ఫేస్‌వాష్ అయితే కొనవచ్చు. 900 దగ్గర ఉండి 1,200కు చేరాలంటే 7,500 పెట్టాలి. అదనంగా వచ్చేది 1,350. ఆ సరుకు అల్మరాలో ఆరు నెలలు కూర్చుంటే ఆ లాభం వడ్డీకి, తగ్గించి అమ్మడానికి సరిపోతుంది. నెలాఖరు హడావుడిలో కొన్న సరుకే ఇలా ఇళ్లలో పేరుకుపోతుంది.

అమ్మకం

మొదట పదిహేను మంది పేర్లు రాయండి: అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు, స్కూలు స్టాఫ్‌రూమ్‌లో ఇద్దరు, టైలరమ్మ, పార్లర్ నడిపే ఆవిడ, ఇలా. కేటలాగ్ అందరికీ పంచకండి. ఇచ్చి రెండో రోజున తెచ్చుకుంటూ, ఏ పేజీ మడిచారో చూడండి.

లిప్‌స్టిక్‌తో మొదలుపెట్టడం తేలిక, కానీ ఒకటి నెలల తరబడి వస్తుంది. తిరిగి కొనేది చర్మానికి వాడేవే. రోజుకు ఒక మిల్లీలీటరు చొప్పున వాడితే 50 మి.లీ. క్రీము దాదాపు 50 రోజులు. అందుకే నోటుబుక్‌లో పేరు, వస్తువు, షేడ్ నంబరు, ఇచ్చిన తేదీ రాసి, 40వ రోజున ఫోన్ చేయండి. కొనేవాళ్లు ఆన్‌లైన్‌లో వేరే కంపెనీది వెతికేది ఆ చివరి పది రోజుల్లోనే. ఇలాంటి ఖాతాదారులు పాతిక మంది ఉంటే, ఎవరినీ చేర్చకుండానే నెల నడుస్తుంది.

ఫౌండేషన్ షేడ్ ముంజేతి మీద చూపించకండి. దవడ అంచున రాసి, ట్యూబ్‌లైటు కింద కాకుండా కిటికీ వెలుగులో చూడాలి. కొత్త క్రీమును మోచేతి మడతలో కొంచెం రాసి 24 నుంచి 48 గంటలు ఆగమనండి. లిప్‌స్టిక్ టెస్టర్‌ను పెదవులకు నేరుగా తాకించకుండా చిన్న పుల్లతో గీకి ఇవ్వండి. ‘తెల్లబడతారు’, ‘సోరియాసిస్ తగ్గుతుంది’ లాంటివి నోట రానివ్వకండి. కాస్మెటిక్ అంటే మందు కాదు. దద్దుర్లు వచ్చినప్పుడు ముందు గుర్తొచ్చేది ఆ మాటే.

సరుకు వచ్చిన రోజు

పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి. బిల్లుతో ఒక్కొక్కటీ సరిచూసి, పగిలినదీ కారినదీ అదే రోజు యాప్‌లో ఫిర్యాదు పెట్టండి. బ్యాచ్ నంబరు రాసుకోండి. మూత తెరిచిన డబ్బా బొమ్మలో 12ఎం అని ఉంటే, తెరిచాక 12 నెలలని అర్థం. దాన్ని గడువు తేదీ అనుకునేవాళ్లు ఎక్కువ, మీరే చెప్పాలి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో స్కూటర్ డిక్కీలో గంటసేపు పెట్టిన లిప్‌స్టిక్ మెత్తబడి వంగుతుంది. అది కంపెనీ లోపం కాదు, వెనక్కి తీసుకోరు.

అరువు ఇవ్వక తప్పకపోతే సగం ముందు తీసుకోండి, మిగతాది ఒకటో తారీఖు జీతాల రోజున. పాత బాకీ తీరాకే కొత్త ఆర్డరు.

కంపెనీ ఇచ్చే కమిషన్ ఏడాదిలో 20,000 దాటితే 2 శాతం టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపన్ను) కోస్తారు. పాన్ ఇవ్వకపోతే అది 20 శాతం. కోసిన మొత్తం ఆదాయపన్ను వెబ్‌సైట్‌లో మీ పాన్ మీద కనిపిస్తుంది, రిటర్ను వేస్తే వెనక్కి రావచ్చు.

ఎవరికైనా ముఖం మండితే వెంటనే వాడడం ఆపించి, బ్యాచ్ నంబరు, ఫొటోతో కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. ఆ అధికారి వివరాలు వెబ్‌సైట్‌లో ఉండి తీరాలి. అక్కడ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.