టెన్షన్ తగ్గాలంటే ముందు ఒంటి సంగతి చూడండి, తర్వాత మనసు సంగతి

"టెన్షన్ పడకు, ఏం కాదులే" అని చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉంటారు, ఆ మాట విని టెన్షన్ తగ్గినవాళ్ళు మాత్రం ఎక్కడా కనపడరు. ఎందుకంటే ఆ టైమ్‌లో గుండె దడదడలాడుతుంటుంది, అరచేతులకి చెమట పడుతుంది, కడుపులో తిప్పుతుంటుంది, ఒంట్లో ఇంత గోల జరుగుతుంటే మనసుకి ఎన్ని లాజిక్కులు చెప్పినా ఎక్కవు. అందుకే ముందు ఒంటి దగ్గర మొదలుపెట్టి తర్వాత ఆలోచనల దగ్గరికి వద్దాం.

అసలు లోపల ఏం జరుగుతుందంటే, ప్రమాదం ఉందని మెదడుకి అనిపించగానే (అమిగ్డాలా అనే చిన్న భాగానికి ఇందులో పెద్ద పాత్ర ఉంది) కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ అనే హార్మోన్‌ని వదుల్తాయి, కాసేపటికి కార్టిసాల్ అనే ఇంకో హార్మోన్ కూడా వస్తుంది. కొట్లాడ్డానికో పారిపోవడానికో ఒళ్ళు రెడీ అవ్వడం అన్నమాట, వాల్టర్ కానన్ అనే ఫిజియాలజిస్ట్ 1915లోనే దీని గురించి రాశాడు. రక్తం కండరాలవైపు ఎక్కువ వెళ్తుంది, అరుగుదల పని నెమ్మదిస్తుంది, కడుపులో ఆ తిప్పుడు అందుకే. పాము కనపడితే ఇదంతా పనికొస్తుంది గానీ, "ఒకసారి మాట్లాడాలి" అని ఆఫీస్ నుంచి మెసేజ్ వచ్చినా ఒళ్ళు ఇదే పని చేస్తుంది, అక్కడొచ్చింది చిక్కు. పైగా గుండె దడ చూసి మనసు "నాకేదో అయిపోతోంది" అనుకుంటుంది, దాంతో భయం, భయంతో ఇంకా దడ, ఇలా తిరుగుతూనే ఉంటుంది. దీన్ని ఎక్కడో ఒకచోట తెంపాలి, గుండెని నేరుగా ఆపలేం గానీ ఊపిరి మన చేతిలో ఉంటుంది కాబట్టి అక్కడ పట్టుకోవడమే తేలిక.

ఇక్కడ చాలామంది చెప్పే సలహా, "గట్టిగా ఊపిరి పీల్చుకో" అని, నాకస్సలు నచ్చదు. టెన్షన్‌లో ఉన్న మనిషి అప్పటికే ఎక్కువెక్కువ పీలుస్తుంటాడు, ఇంకా గబగబా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి తల తిరగడం, వేళ్ళు, పెదాల చుట్టూ తిమ్మిర్లు మొదలవుతాయి, అది చూసి భయం రెట్టింపు అవుతుంది. చూసుకోవాల్సింది ఊపిరి వదలడం. లోపలికి పీల్చేటప్పుడు గుండె కొంచెం వేగంగా, వదిలేటప్పుడు కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటుంది, మెదడు నుంచి గుండె దాకా వెళ్ళే వేగస్ నరం చేసే పని అది, మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూస్తే కొంతమందికి ఆ తేడా చేతికి తెలిసిపోతుంది కూడా. కాబట్టి ముక్కుతో 4 అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా పీల్చండి, 6 అంకెలు లెక్కపెడుతూ వదలండి, నిమిషానికి దాదాపు 6 శ్వాసలు వస్తాయి. ఛాతీ పైకి లేవడం కాదు, పొట్ట ఉబ్బాలి. మధ్యలో ఊపిరి బిగబట్టక్కర్లేదు. 5 నిమిషాలు చాలు, తల తిరిగినట్టుంటే ఆపేసి మామూలుగా పీల్చండి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఇది బాగున్నప్పుడు రోజూ ప్రాక్టీస్ చెయ్యాలి, నీళ్ళలో పడ్డాక ఈత నేర్చుకోలేం కదా.

ఊపిరి మీద దృష్టి పెడితేనే ఇంకా కంగారు పడేవాళ్ళు కొంతమంది ఉంటారు, వాళ్ళు కండరాలతో మొదలుపెట్టొచ్చు. ఎడ్మండ్ జేకబ్సన్ అనే అమెరికన్ డాక్టర్ దాదాపు వందేళ్ళ కింద తెచ్చిన పద్ధతి ఇది, పిడికిలి 5 సెకన్లు బిగించి ఒక్కసారిగా వదిలెయ్యాలి, ఆ వదులు ఎలా ఉందో ఒక 15 సెకన్లు గమనించాలి, తర్వాత భుజాలు, దవడ, పొట్ట, కాళ్ళు. నొప్పి ఉన్నచోట బిగించొద్దు. చేశాక చాలామందికి తెలిసేది ఏంటంటే పొద్దున్నించీ దవడ బిగించుకునే కూర్చున్నాం అని.

ఇంక కాఫీ. దీన్ని తిడితే కోపాలొస్తాయి, నాకు తెలుసు, అయినా చెప్పాలి. ఒంట్లోకి వెళ్ళిన కెఫీన్‌లో సగం పోవడానికి చాలామందిలో సుమారు 5 గంటలు పడుతుంది, సాయంత్రం 5కి తాగింది రాత్రి 10కి కూడా సగం లోపలే ఉంటుంది, టీ, కోలా, ఎనర్జీ డ్రింక్‌లలో ఉండేదీ కెఫీనే. గుండె దడ, చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, ఈ మూడూ కెఫీన్ వల్లా వస్తాయి, యాంగ్జైటీ వల్లా వస్తాయి, ఏది దేనివల్లో తేల్చుకోవాలంటే ఒక రెండు వారాలు తగ్గించి చూడటమే. ఒకేసారి మానేస్తే తలనొప్పి వస్తుంది, మెల్లగా తగ్గించండి. మందు తాగితే రిలాక్స్ అనేది ఆ గంట రెండు గంటల ముచ్చటే, అర్ధరాత్రి దాటాక నిద్ర చెడుతుంది, తెల్లారేసరికి కంగారు ఇంకా పెరుగుతుంది. సిగరెట్ తగ్గించే టెన్షన్‌లో చాలా భాగం ఆ సిగరెట్ అలవాటు తెచ్చిందే.

నిద్ర గురించి ఒక్కటే చెప్తా, పడుకునే టైమ్ కంటే లేచే టైమ్ ముఖ్యం, సెలవు రోజు కూడా అదే టైమ్‌కి లేవండి.

వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మాదిరి వ్యాయామం చెయ్యమని డబ్ల్యూహెచ్‌వో చెప్తుంది, వేగంగా నడవడం కూడా అందులోకే వస్తుంది. యాంగ్జైటీ ఉన్నవాళ్ళకి ఇందులో ఇంకో లాభం ఉంది, ఎవరూ పెద్దగా చెప్పరు. మెట్లెక్కినప్పుడు, పరిగెత్తినప్పుడు గుండె దడదడా కొట్టుకుంటుంది, చెమట పడుతుంది, ఆయాసం వస్తుంది, కాసేపటికి దానంతటదే తగ్గిపోతుంది. ఇలా పదేపదే జరిగితే దడ అంటే ప్రమాదం కాదని మెదడు మెల్లమెల్లగా నేర్చుకుంటుంది.

ఒళ్ళు కాస్త చల్లబడ్డాక ఆలోచనలతో పని పెట్టుకోవచ్చు. ఆలోచించొద్దు అనుకుంటే ఇంకా ఎక్కువ వస్తాయి, దానికంటే రోజుకి ఒక 20 నిమిషాలు, సాయంత్రం ఒకే టైమ్‌కి, చింతలకే కేటాయించండి, పడుకునే ముందు మాత్రం వద్దు. మిగతా టైమ్‌లో ఏదైనా గుర్తొస్తే ఒక ముక్క రాసుకుని "సాయంత్రం చూద్దాం" అని పక్కన పెట్టండి, సాయంత్రం చూస్తే వాటిల్లో కొన్ని అప్పటికే చప్పబడిపోయి ఉంటాయి, మిగిలినవాటిలో చెయ్యగలిగిన పని ఏదుందో రాసుకోవాలి. ఇంకోటి, భయమేసిన ప్రతిదాన్నీ తప్పించుకోవడం. ఫోన్ ఎత్తకపోవడం, మీటింగ్ మానెయ్యడం, అప్పటికి హాయిగానే ఉంటుంది గానీ భయం అక్కడే పెరుగుతుంది, కాబట్టి తక్కువ భయపెట్టే దాంతో మొదలుపెట్టి ఒక్కో మెట్టూ ఎక్కాలి. రాత్రి 2 గంటలకి లక్షణాలన్నీ గూగుల్‌లో వెతకడం కూడా ఈ కోవలోదే, వెతికిన ఐదు నిమిషాలు ఊరట, ఆ తర్వాత కొత్త డౌట్.

ఇవన్నీ చేస్తున్నా వారాల తరబడి నిద్ర, పని, తిండి దెబ్బతింటుంటే సైకియాట్రిస్ట్‌నో సైకాలజిస్ట్‌నో కలవండి, సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, ఆలోచించే తీరునీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) యాంగ్జైటీకి బాగా పనిచేస్తుంది, మందులు రాస్తే మీ అంతట మీరు ఆపొద్దు. చచ్చిపోవాలని అనిపిస్తుంటే వారాలు ఆగొద్దు, ఆ క్షణమే దగ్గరివాళ్ళకి చెప్పి ఆస్పత్రికి వెళ్ళండి. ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం లాంటివి ఉంటే టెన్షనేలే అని మీరే తేల్చెయ్యొద్దు. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా దడ వస్తుంది, అవి రక్తపరీక్షలో తెలుస్తాయి. డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు వాడుతున్న మందులన్నీ రాసుకుని వెళ్ళండి, కొన్ని ఆస్తమా ఇన్‌హేలర్లు, ముక్కుదిబ్బడ మాత్రలు కూడా గుండె వేగం పెంచుతాయి.