పాత పీసీ విండోస్ కొత్త పీసీలో బూట్ కాకపోతే: నా అనుభవం

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర మాది చిన్న డీటీపీ షాపు. పాత పీసీ డిస్కును క్లోనేజిల్లా (డిస్కును ఉన్నదున్నట్టు కాపీ చేసే సాఫ్ట్‌వేర్)తో ఎస్ఎస్‌డీలోకి దించి కొత్త పీసీలో పెడితే బూట్ లిస్టులో కనపడనే లేదు. మళ్లీ క్లోన్ చేశా, స్టార్టప్ రిపేర్ చేశా, కేబుల్ మార్చా, ఏం లాభం లేదు.

సంగతేందంటే పాత డిస్కు ఎంబీఆర్ (డిస్కు భాగాల పట్టిక రాసే పాత పద్ధతి), కొత్త బోర్డు యూఈఎఫ్ఐ (కొత్త తరహా బయాస్) మాత్రమే, దాంట్లో విండోస్ బూట్ కావాలంటే డిస్కు జీపీటీ అనే కొత్త పద్ధతిలో ఉండాలి. విండోస్ కొత్తగా వేసుకోవచ్చు గానీ పెళ్లి పత్రికల ఫాంట్లు, ప్రింటర్ సెట్టింగులు మళ్లీ ఎవరు పెట్టాలి?

విండోస్ 10 ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, షిఫ్ట్ పట్టుకొని ఎఫ్10 నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది. అందులో డిస్క్‌పార్ట్ (డిస్కుల పని చూసే విండోస్ టూల్) తెరిచి లిస్ట్ డిస్క్ కొట్టి నంబరు చూసుకున్నా. జీపీటీ కాలమ్‌లో నక్షత్రం గుర్తు లేదు, అంటే ఎంబీఆరే. దాంట్లోంచి బయటికొచ్చి, ఎంబీఆర్‌ను జీపీటీగా మార్చే విండోస్ టూల్‌తో ముందు చెక్ చేద్దామని ఎంబీఆర్2జీపీటీ స్లాష్ వాలిడేట్ స్లాష్ డిస్క్:0 (0 అంటే నా డిస్కు నంబరు) కొడితే ఫెయిల్. ప్రైమరీ పార్టిషన్లు 3కి మించొద్దు, నాకు 4 ఉన్నాయి. డి డ్రైవ్ ఫైళ్లు పాత డిస్కులో ఎట్లాగూ భద్రంగానే ఉన్నాయి కాబట్టి కొత్తదాంట్లో ఆ పార్టిషన్ తీసేసి మళ్లీ కొడితే పాసైంది. అప్పుడు వాలిడేట్ బదులు కన్వర్ట్ పెట్టా. టీ చల్లారేలోపే అయిపోయింది, బయాస్‌లో విండోస్ బూట్ మేనేజర్ ప్రత్యక్షం.

అందరికీ పనిచేస్తుందని చెప్పలేను. మీది 32 బిట్ విండోస్ అయితే దీని జోలికి పోవద్దు, బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) ఉంటే ముందు ఆపాలి. పాత డిస్కును మాత్రం అప్పుడే ఫార్మాట్ కొట్టకండి.