గిరి ప్రదక్షిణకు బయల్దేరేముందు: గుండెకు బీటా బ్లాకర్ వాడేవాళ్లకి

సింహాచలం కొండ చుట్టూ గిరి ప్రదక్షిణ చేసే ఆషాఢ పౌర్ణమి దగ్గరపడిందంటే మా ఇంట్లో గొడవ మొదలు. స్టెంట్ వేసినప్పటి నుంచి నాన్న మెటోప్రొలాల్ అనే బీటా బ్లాకర్ బిళ్ల వాడుతున్నారు. "ఆ బిళ్ల వేసుకుంటే నీరసంరా, నడిచే రోజు మానేస్తా" అంటారు. కొండ కింద తొలి పావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి హనుమంతవాక, అప్పుఘర్, మాధవధార, గోపాలపట్నం తిరిగి మళ్లీ సింహాచలం చేరేసరికి 32 కిలోమీటర్లు, మానేయడానికి ఇదా రోజు?

అడ్రినలిన్ అనే హార్మోన్ గుండెని పరుగులు పెట్టించకుండా ఆపేది ఈ మందే. దాన్ని హఠాత్తుగా ఆపేస్తే గుండె ఇంకా వేగంగా కొట్టుకుని ఛాతీనొప్పి తిరగబెట్టొచ్చు, గుండెపోటే రావచ్చు. ఆపాల్సి వస్తే డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. సాయంత్రం డోసు ఉంటే దారిలోనే టైముకి వేసుకోండి.

గుండెపోటు వచ్చినవాళ్లకి, నడిస్తే ఛాతీ పట్టేసేవాళ్లకి, గుండె లయ తప్పినవాళ్లకి దీన్ని ఇస్తుంటారు. గుండె పంపింగ్ తగ్గినవాళ్లకైతే బైసోప్రొలాల్, కార్వెడిలాల్ లాంటి కొన్నే, అవి కూడా ఆయాసం, కాళ్లవాపు సర్దుకున్నాక చిన్న డోసుతో మొదలుపెట్టి వారాల తరబడి పెంచుతారు. మీరింకా ఆ దశలోనే ఉంటే ఈ ఏడాదికి బస్సులో కొండెక్కి దర్శనం చేసుకోండి, అప్పన్న ఏమీ అనుకోడు. ఉబ్బసం ఉన్నా, నాడి ముందే 50 లోపున్నా, హార్ట్ బ్లాక్ (రక్తనాళంలో పూడిక కాదు, గుండెని కొట్టించే కరెంటు సంకేతాలకి అడ్డు) ఉండి పేస్‌మేకర్ లేకపోయినా ఈ మందుతో ప్రమాదం, కాబట్టి పక్కింటాయన బిళ్ల అడిగి వేసుకోకండి.

వాచీని నమ్మొద్దు. ఈ మందు మీద ఎంత కష్టపడ్డా నాడి అంతగా పెరగదు. పోయినేడాది హనుమంతవాక దగ్గర "95యే ఉంది, బానే ఉన్నా" అన్నారు నాన్న, ఆ ముక్క చెప్పడానికి రెండుసార్లు ఆగారు. మాట్లాడుతూ నడవలేకపోతే కూర్చోండి, లేచేటప్పుడు నిదానంగా లేవండి, కళ్లు తిరుగుతాయి.

షుగర్‌కి ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ బిళ్ల వాడేవాళ్లు ఉపవాసంతో నడవొద్దు. షుగర్ పడిపోయినప్పుడు వచ్చే దడ, వణుకు ఈ మందు కప్పేస్తుంది, చెమట మాత్రం పడుతుంది, మన వైజాగ్ ఉక్కలో చెమట పట్టనిదెవరికి? జేబులో గ్లూకోజ్ పొడి పెట్టుకోండి, మధ్యలో మీటరుతో చూసుకోండి. నీళ్ల బిళ్ల (ఒంట్లో ఎక్కువైన నీటిని మూత్రంలో పంపేది) కూడా వాడుతుంటే ఎన్ని నీళ్లు తాగాలో ముందే డాక్టర్ని అడగండి.

మందుల చీటీ ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి, తోడు లేకుండా వెళ్లకండి. ఛాతీ బిగిసినా, కళ్లు బైర్లు కమ్మినా 108కి చేయండి. నాన్న ఈసారి అప్పుఘర్ దాకా నడిచి అక్కడ ఆటో ఎక్కడానికి ఒప్పుకున్నారు, అదీ అమ్మ అలిగితేనే.