వేసవిలో పుస్తకాలూ, చుట్టాలూ: ముందు రోజులు లెక్కపెట్టుకోండి

మూడేళ్ల కిందట వేసవి మొదట్లో 12 పుస్తకాలు బల్ల మీద పేర్చుకున్నాను, రెండు నెలల్లో అన్నీ చదివేయాలని. ఆ ఏడు మా అమ్మ పది రోజులు ఉందామని వచ్చింది. నేను రోజూ మధ్యాహ్నం గది తలుపు దగ్గరగా వేసుకుని చదువుకునేదాన్ని. అనుకున్న లెక్క తప్పకూడదని పట్టుదల. వెళ్లే రోజు సంచి సర్దుకుంటూ, "నువ్వు చదువుకుంటున్నావు కదా అని పిలవలేదే. ఫోన్లో చెప్తాలే" అంది. ఆ పది మధ్యాహ్నాలూ తను ముందుగదిలో ఒక్కతే కూర్చుంది. ఆ వేసవిలో ఏడు పుస్తకాలు పూర్తిచేశాను. అందులో నాలుగింటి కథ ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. అమ్మ అన్న మాట మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

అప్పట్నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. చదవడం మానలేదు, మానను కూడా. ఏడాదంతా ఆఫీసు పనితో, పిల్లాడి చదువుతో గడిచిపోయే నాకు వేసవి పుస్తకాలంటే ప్రాణం. కాకపోతే ముందు పుస్తకాల జాబితా రాసుకుని, తర్వాత రోజులు వెతుక్కోవడం మానేశాను. ఇప్పుడు ముందు రోజులు, తర్వాతే పుస్తకాలు.

మీరూ ఒక క్యాలెండరు ముందేసుకుని కూర్చోండి. ఎనిమిది వారాలంటే 56 రోజులు. వాటిలో చుట్టాలు మీ ఇంట్లో ఉండే రోజులు, మీరు వాళ్లింట్లో ఉండే రోజులు ముందు కొట్టేయండి. పోయిన వేసవిలో నాకు అవి 17 తేలాయి. ప్రయాణాలకు ఇంకో 4. మా ఆఫీసులో నెలాఖరు పని ఊపిరాడనివ్వదు, దానికి 5. మిగిలినవి 30. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, ప్రయాణంలో చదువుకోవచ్చులే అనుకోవడం. పిల్లలతో ప్రయాణమైతే ఆ రోజుని నిర్మొహమాటంగా కొట్టేయండి. చదవడానికి వీలు చిక్కితే అది అదనం.

తర్వాత మీ వేగం ఎంతో చూసుకోండి. ఇంటర్నెట్లో ఎవరో చెప్పిన సగటు వేగం మనకు పనికిరాదు. చదవాలనుకున్న పుస్తకాన్నే తీసి, మామూలుగా 20 నిమిషాలు చదివి, ఎన్ని పేజీలయ్యాయో రాసుకోండి. నాకు నవలైతే 11 పేజీలు. రోజుకు 40 నిమిషాలు దొరుకుతాయనుకుంటే 30 రోజులకు 1,200 నిమిషాలు, అంటే 660 పేజీలు. ఆ అంకె చూడగానే మూడు పుస్తకాలు అనిపిస్తుంది. నేను మాత్రం మూడింట రెండు వంతులే తీసుకుంటాను, 440. ఎందుకంటే ఎవరికో ఒకరికి జ్వరం వస్తుంది, ఏదో ఒక రోజు చెప్పకుండా ఎవరో ఒకరు వస్తారు. ప్రతి వేసవీ జరిగేదే ఇది, దానికి చోటు ముందే ఉంచుకోవాలి. 230 పేజీల నవల ఒకటి, 190 పేజీల వ్యాసాల సంపుటి ఒకటి. పన్నెండు చదవాలనుకుని హడావిడి పడిన మనిషికి రెండు అంటే మొదట్లో చిన్నతనంగా అనిపించింది. కానీ ఆ రెండూ నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఏ పుస్తకం ఎప్పుడు చదవాలన్నది కూడా ఆలోచించాలి. పాత్రలు ఎక్కువగా ఉండే పెద్ద నవలని చుట్టాలు రావడానికి నాలుగు రోజుల ముందు మొదలుపెట్టకండి. మధ్యలో వారం ఆగితే ఎవరి కొడుకు ఎవరో, ఎవరికి ఎవరి మీద కోపమో అంతా కలగాపులగం అవుతుంది. అలాంటిది వాళ్లు వెళ్లాక మొదలుపెట్టండి. ఇల్లు నిండుగా ఉన్న రోజులకు కథలు, కవిత్వం, ఉత్తరాలు, చిన్న వ్యాసాలు. పది నిమిషాల్లో ఒకటి ముగిసిపోవాలి, ఎవరైనా పిలిస్తే మనసులో విసుగు లేకుండా లేవగలగాలి. నా అనుభవంలో పిలిచినందుకు వచ్చే చిరాకంతా సగంలో ఆగిన వాక్యం వల్లే. చిన్నవి చదివితే ఆ చిరాకు పుట్టదు.

చదివేది మధ్యలో ఆపాల్సి వస్తే ఒక చీటీ రాసిపెట్టండి. అందరికీ గట్టిగా చెప్పేది ఈ ఒక్క పనే. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల జాబితాలు కంఠతా పట్టి, ఎంతసేపటికి ఎంత మర్చిపోతున్నాడో తన మీద తనే లెక్కకట్టి 1885లో ప్రచురించాడు. మరుపు మొదటి గంటల్లో, మొదటి రోజుల్లో వేగంగా వస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది. కథలు అర్థంలేని అక్షరాల కన్నా బాగా నిలుస్తాయి, నిజమే. అయినా వారం ఆగి పుస్తకం తెరిస్తే జారిపోయిందేమిటో మీకే తెలుస్తుంది. అందుకే ఆపే రోజే రాయాలి, వారం తర్వాత గుర్తు తెచ్చుకుని రాద్దామంటే కుదరదు.

మా ఆడపడుచు వాళ్లు వచ్చే ముందు రాత్రి నేను రాసుకున్న చీటీ ఇది: "పే. 118. పెద్దన్న ఇల్లు అమ్మకానికి పెట్టాడు, చెల్లెలికి ఇంకా తెలియదు. పక్కింటి ముసలాయనకు తెలుసు. ఆయన ఎందుకు చెప్పడం లేదు?" మూడు ముక్కలంతే: ఎక్కడ ఆగాను, ఎవరికి ఏం తెలుసు, నాకు ఏం తెలుసుకోవాలని ఉంది. మూడోది మర్చిపోకండి. తొమ్మిది రోజుల తర్వాత పుస్తకం తీసినప్పుడు ఆ ప్రశ్నే నన్ను చెయ్యిపట్టి లోపలికి తీసుకెళ్లింది.

ఇక చుట్టాలు ఉన్న రోజుల సంగతి. ఆ రోజుల్లో చదవడం పూర్తిగా మానాల్సిన పని లేదు, దాచుకుని చదవాల్సిన పని అంతకన్నా లేదు. వచ్చిన మొదటి రోజే నోటితో చెప్పేయండి. నేను మా ఆడపడుచుతో, "పొద్దున ఆరు నుంచి ఆరున్నర దాకా చదువుకుంటానమ్మా, తర్వాత రోజంతా మీతోనే" అన్నాను. "అయితే నేనూ లేస్తాను వదినా, పక్కన కూర్చుని నా పని చేసుకుంటా" అంది. మూడు రోజులు అలాగే కూర్చుంది కూడా, మాట్లాడకుండా. చెప్పి చదివితే ఎవరూ నొచ్చుకోరు. చెప్పకుండా తలుపు వేసుకుంటేనే ఎదుటివాళ్లకు తాము అడ్డమేమో అనిపిస్తుంది. మా అమ్మ విషయంలో నేను చేసింది సరిగ్గా అదే.

ఆ అరగంట కూడా కుదరకపోతే వదిలేయండి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ, ఆమె తోటి పరిశోధకులు 96 మందిని 12 వారాల పాటు గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో రెండు సంగతులు నాకు ధైర్యమిచ్చాయి. ఒక అలవాటు కుదురుకోవడానికి మనిషిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా పడుతుందని వాళ్లు ఆ 12 వారాల లెక్కల నుంచి అంచనా కట్టారు. మధ్యలో ఒకసారి తప్పినంత మాత్రాన అలవాటు దెబ్బతినలేదు. కాబట్టి నిన్నటి పేజీలు ఇవాళ్టికి కలుపుకుని అప్పు తీర్చినట్టు చదవకండి. పోయిన రోజు పోయింది, ఇవాళ్టి 40 నిమిషాలు ఇవాళ్టివే.

మామూలు రోజుల్లో ఆ 40 నిమిషాలు ఒక్కసారిగా దొరకవు. ఖాళీ దొరికితే చదువుదాం అనుకుంటే రాత్రి పదకొండవుతుంది, కళ్లు మూతలు పడతాయి. 1999లో పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రాసిన ఒక వ్యాసం ఈ విషయమే చెబుతుంది: "చేస్తాను" అనుకోవడం కన్నా "ఫలానాది జరిగినప్పుడు ఫలానాది చేస్తాను" అని ముందే ఖాయం చేసుకున్నవాళ్లు అనుకున్నది ఎక్కువగా చేయగలుగుతారు. నాకు వాషింగ్ మెషీన్ ఆ గుర్తు. అది తిరగడం మొదలవగానే పక్కనే ఉన్న కుర్చీలో కూర్చుంటాను. పుస్తకం ఆ కుర్చీ మీదే ఉంటుంది, వెతుక్కునే పని లేదు. మెషీన్ ఆగేలోపు 20 నిమిషాలు ఖాయం. మిగతా 20 నిమిషాలు మంచం దగ్గర, ఫోన్ వేరే గదిలో పెట్టి. బట్టలు మడతపెట్టేటప్పుడు ఆడియో పుస్తకం వింటాను. కథలకు అది బాగుంటుంది. వాదనలు, లెక్కలు ఉన్న పుస్తకాలు మాత్రం నాకు చెవిన పడి వెళ్లిపోతాయి, అవి కాగితం మీదే చదవాలి.

పిల్లలకు బడి నుంచి పుస్తకాల జాబితా వచ్చి ఉంటే దానికీ ఇదే లెక్క. ఇంటి నిండా తోటిపిల్లలు ఉన్నప్పుడు మా అబ్బాయిని పేజీలు అడగను. రాత్రి పడుకునే ముందు మాత్రం దీపం పక్కన నేను పైకి చదువుతాను. మా మేనకోడలికి ఎనిమిదేళ్లు. మొదటి రాత్రి గోడవైపు తిరిగి పడుకుంది. రెండో రాత్రి ఇటు తిరిగింది. మూడో రాత్రి నా మోచేతి కింద నుంచి తల దూర్చి, "అత్తా, ఆ కుక్క దొరుకుతుందా లేదా, ఒక్క ముక్క చెప్పు, పడుకుంటా" అంది. చెప్పలేదు. మర్నాడు పొద్దున నేను లేచేసరికి పుస్తకం దాని ఒళ్లో ఉంది, వేలితో ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదువుతోంది.

పెద్దవాళ్లకూ చదివి పెట్టండి. మా నాన్నకు చూపు తగ్గి మూడేళ్లయింది. అంతకు ముందు చేతిలో పుస్తకం లేకుండా ఆయన్ని చూసి ఎరగను. పోయిన వేసవిలో అమ్మా నాన్నా వచ్చినప్పుడు నా నవల పక్కనపెట్టి, ఆయన అడిగిన పుస్తకం మధ్యాహ్నాలు ముందుగదిలో కూర్చుని పైకి చదివాను. తలుపు బార్లా తీసే ఉంది. అమ్మ కూడా వినేది, మధ్యలో ఆపి తన మాట చెప్పేది, నాన్న కాదనేవారు, ఆ వాదన ఒక్కోసారి అరగంట సాగేది. పైకి చదివితే వేగం సగానికి పడిపోతుంది, నాకు 20 నిమిషాలకు ఆరు పేజీలు. నా 440లో ఈ పేజీలు కలపలేదు, కలపాలని కూడా అనిపించలేదు.

అందరూ వెళ్లిపోయిన రోజు సాయంత్రం ఒక్కసారిగా గంట చదవాలని కూర్చోకండి. ఇల్లు బోసిపోయి ఉంటుంది, మనసు నిలవదు. చీటీ తీయండి, ఆగిన చోటికి ముందు రెండు పేజీలు మళ్లీ చదవండి, పది నిమిషాలు చాలు. మర్నాటికి దారిలో పడతారు.

నాన్న పుస్తకం వాళ్లు బయల్దేరే నాటికి ఇంకా 40 పేజీలు మిగిలింది. రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టమని చెప్పి, రోజుకు పావుగంట చదివాను. తొమ్మిది రాత్రుల్లో అయిపోయింది. పదో రాత్రి అదే వేళకు ఆయనే ఫోన్ చేసి, తర్వాత ఏ పుస్తకం అని అడిగారు.