ఉదయగిరి కొండెక్కించే పనిలోకి రావాలనుకునే తమ్ముళ్లకు

మన నెల్లూరు జిల్లా ఉదయగిరిలో డిగ్రీ అయిపోయి ఇంటి దగ్గరున్న కుర్రాళ్లు ఈమధ్య నన్ను ఆపి మరీ అడుగుతున్నారు. "అన్నా, ఆదివారమైతే చాలు, కార్లేసుకుని వస్తన్నారు గదా! మేం గూడా కోట చూపించేదానికి పోతే నాలుగు డబ్బులొస్తాయా?" అని. వస్తాయి. ఆరేళ్లుగా నేను ఎక్కువగా ఈ పని మీదే ఇల్లు గడుపుతున్నాను. చలికాలంలో నెలకు పదీ పన్నెండు బృందాలు దొరుకుతాయి, ఎండాకాలంలో ఒకటీ అరా. బజార్లో నిలబడి అందరికీ చెప్పడం కుదరడం లేదు కాబట్టి తెలిసిందంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు కొండ నేర్చుకో. ఇక్కడే పుట్టాను, నాకు తెలియని కొండా అంటావు. నేనూ అట్లాగే అనుకున్నాను. సముద్ర మట్టం నుంచి 3,079 అడుగుల ఎత్తు. ఇరవై ఏళ్ల వయసులో ఒక్క పరుగున ఎక్కేస్తాం, దారి వంక చూడం కూడా చూడం. ఈసారి యాభై దాటిన మనిషిని వెంటబెట్టుకుని ఎక్కు. నేను మా మేనత్తను తీసుకెళ్లాను. ఆమె ఎక్కడ ఆగింది, ఎక్కడ మోకాలి మీద చెయ్యేసుకుంది, ఎక్కడ "నీళ్లియ్యిరా" అంది, అన్నీ చిన్న పుస్తకంలో టైముతో సహా రాసుకున్నాను. ఇవాళ్టికీ వచ్చినవాళ్లను మా అత్త కూర్చున్న చోట్లే కూర్చోబెడతాను. తర్వాత మేకలు కాసే పెద్దవాళ్లతో రెండు మూడు రోజులు తిరుగు. ఏ బండను ఏమంటారు, వాన పడ్డాక ఏ గుండంలో నీళ్లు ఎన్నాళ్లుంటాయి, ఏ చెట్టుకు తేనెపట్టు పడుతుంది, ఇవన్నీ వాళ్ల దగ్గర తప్ప ఎక్కడా దొరకవు. వెళ్లేటప్పుడు బీడీ కట్టో, పావుకిలో కారాబూందో పట్టుకుపో.

ఫారెస్టు వాళ్లకూ, పోలీస్ స్టేషన్‌లోనూ నీ పేరు, ఫోన్ నంబరు ఇచ్చి, ఫలానా పని చేస్తున్నానని చెప్పి రా. బృందాన్ని తీసుకుని బయల్దేరిన ప్రతిసారీ ఎంతమంది ఎక్కుతున్నారో కింద ఒక మనిషికి చెప్పి వెళ్లు. నేను బస్టాండు దగ్గర టీ అంగడిలో చెప్తాను. మధ్యాహ్నం రెండుకల్లా నేను అక్కడ కనపడకపోతే ఆయన ఫోన్ చేస్తాడు, తగలకపోతే మనిషిని పంపిస్తాడు.

ఇక టైము. తెల్లవారి అయిదున్నరకు కొండ కింద ఉండాలి. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా వంద కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, పొద్దున లేచి కారులో వచ్చేవాళ్లు ఎనిమిదింటికి దిగుతారు. ఆ టైముకు ఎక్కించొద్దు. మొదటి ఏడాది నేను ఆ తప్పు చేశాను. ఫిబ్రవరి చివర, ఎనిమిదిన్నర దాటింది, ఒక కుటుంబం వచ్చింది. వెయ్యి రూపాయలు పోతాయేమోనని సరే అన్నాను. సగం దాటాక ఆ పెద్దామెకు కళ్లు తిరిగాయి. చెంగు తల మీద వేసుకుని బండకు ఆనుకుని కూర్చుంది, పెదాలు తెల్లగా అయిపోయాయి. నా దగ్గర నీళ్ల సీసాలో రెండు గుక్కలున్నాయి. ఆమె కొడుకు, నేను చెరో చెయ్యి పట్టుకుని దించేసరికి మూడు గంటలు పట్టింది. కింద నిమ్మకాయ నీళ్లు తాగి తేరుకున్నాక ఆమె నా చెయ్యి పట్టుకుని "నీదేం తప్పులేదు నాయనా" అంది. తప్పు నాదే. ఆ రోజు డబ్బు తీసుకోలేదు.

అప్పట్నుంచి మనిషికి మూడు లీటర్ల నీళ్లు లేకపోతే మెట్టు ఎక్కనివ్వను. నా సంచిలో ఎప్పుడూ ఓఆర్‌ఎస్ పొట్లాలు, ఉప్పు వేసిన వేరుశెనగలు, క్రేప్ బ్యాండేజీ, ఒక తాడు, విజిల్ ఉంటాయి. తొమ్మిదిన్నరకు ఎక్కడుంటే అక్కడ ఆగి అందరి ముఖాలూ చూస్తాను, ఒక్కరు డీలా పడినా అక్కణ్నుంచే వెనక్కి. ఈ మాట బయల్దేరే ముందే చెప్పాలి. పైన చెప్తే గొడవ పడతారు. మన జిల్లాకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, ఆ తడికి రాళ్లు పాచిపట్టి జారతాయి. నన్నడిగితే డిసెంబరు సగం నుంచి ఫిబ్రవరి సగం దాకా మంచి రోజులు. ఏప్రిల్, మే నెలల్లో ఎంతిచ్చినా ఎక్కించొద్దు. మందు సీసాలతో వచ్చినవాళ్లను కూడా అంతే, దండం పెట్టి పంపించెయ్. సెంటు పూసుకోవద్దని ముందురోజే ఫోన్‌లో చెప్పు, తేనెటీగలతో చెలగాటం కుదరదు.

డబ్బు సంగతి ఫోన్‌లోనే తేల్చుకో. నేను ఆరుగురి దాకా 1,200 తీసుకుంటాను, ఆ పైన మనిషికి 150. మూడు వందలు అడ్వాన్సు ఫోన్‌పేలో వేయించుకుంటాను, మిగతాది దిగాక. "మీ ఇష్టం సార్, ఎంతైనా ఇవ్వండి" అనే మాట నోట రానివ్వకు. ఇచ్చేవాడికీ ఇబ్బంది, తీసుకునే నీకూ మనసులో గుచ్చుకుంటుంది. దగ్గరి ఊళ్ల నుంచి స్కూలు పిల్లలను తెస్తే మాత్రం నేను సగమే తీసుకుంటాను. ఆ పిల్లలకు ఈ కోట తెలియాలి.

ఇప్పుడు అసలు విషయం. ఏం చెప్పాలి?

నాకు ఈ పని మీద మనసు పడింది ఉదయగిరిలో కాదు, హంపీలో. స్నేహితులతో వెళ్లాను. అక్కడ మన వయసు కుర్రాళ్లు కొందరు నదిలో పుట్లు నడుపుతున్నారు, కొందరు గుళ్లు చూపిస్తున్నారు. ఒకతను కృష్ణాలయం తూర్పు గోపురం దగ్గర నిలబెట్టి, గారతో చేసిన గుర్రాలను, ఏనుగులను, డాళ్లు పట్టుకున్న సైనికులను చూపించి, "ఇది ఉదయగిరి యుద్ధం" అన్నాడు. నాకు ఒళ్లు జలదరించింది. మా ఊరు పేరు! కృష్ణదేవరాయలు ఒడిశా రాజులైన గజపతుల చేతిలోంచి 1514లో ఉదయగిరి గెలుచుకుని, ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తన రాజధాని విజయనగరం, అంటే ఇప్పటి హంపీ, తీసుకెళ్లి, 1515లో ఆ గుడిలో ప్రతిష్ఠించాడు. గుడి ముందు శాసనం కూడా ఉంది. ఇరవై మూడేళ్లు మా కొండ కింద పెరిగి, ఆ ముక్క నేను మూడు వందల పైచిలుకు కిలోమీటర్లు వెళ్లి ఇంకొకరి నోట వినాల్సి వచ్చింది. తిరిగొచ్చిన వారంలోనే పుస్తకాలు వెతకడం మొదలుపెట్టాను.

కథ చదివితే సరిపోదు, ఏ రాయి దగ్గర ఏ ముక్క చెప్పాలో కుదుర్చుకోవాలి. నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు ఈ ముట్టడి గురించి రాశాడు. కోటకు ఒకే దారి, అది కూడా ఒకరి వెనక ఒకరు తప్ప ఎక్కలేనంత ఇరుకు, లోపల పదివేల కాల్బలం, నాలుగు వందల గుర్రాలు, రాయలు ఏడాదిన్నర చుట్టుముట్టి, పెద్ద పెద్ద బండలు పగలగొట్టించి దారులు చేయించాడని. దీన్ని కింద చెప్తే తల ఊపి ఫోన్ చూసుకుంటారు. దారి ఇరుకైన చోట అందరినీ వరసగా నడిపించి, పైకి చేరాక వెనక్కి తిప్పి నిలబెట్టు. "ఇప్పుడు మీరు ఒక్కొక్కరే వచ్చారు కదా, పైన గోడ మీద విల్లు పట్టుకుని ఒకడున్నాడనుకోండి" అను. అంతే, ఆపు. చిన్నపిల్లలైతే వెంటనే గోడ వంక చూస్తారు. కాసేపు మాట్లాడకుండా వదిలెయ్. గాలి చప్పుడు విననివ్వు.

పెద్ద మసీదు, చిన్న మసీదు దగ్గరికి వచ్చేసరికి కొందరు గైడ్లు గొంతు మార్చేస్తారు, ఎదుటి మనిషి పేరును బట్టి కథ తిప్పేస్తారు. అట్లా చెయ్యొద్దు. గజపతులు, రాయలు, ఆ తర్వాత గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా సర్దారు, ఎవరి కాలంలో ఏం జరిగిందో వరసగా చెప్పు. పెద్ద మసీదు మీద ఫారసీ శాసనముంది, చూపించు. తగువు పెట్టుకునేవాళ్లుంటే నీళ్లు అందించి ముందుకు నడిపించు.

ఇక నిధుల మాట. ఇది రాయడానికి చెయ్యి ఆడడం లేదు గానీ రాయాలి. రెండో ఏడాది, ఇద్దరు మనుషులు మంచి బట్టల్లో వచ్చారు. దారి పొడుగునా "ఇక్కడ ఏమన్నా దాచారంటారా?" అని అడుగుతూనే ఉన్నారు. టిప్పు బాగా ఇచ్చేలా ఉన్నారని, చిన్నప్పుడు విన్న రాజుల బంగారం కథ ఒకటి మండపం చూపించి మరీ చెప్పాను. అయిదొందలు ఎక్కువిచ్చారు. నెల తర్వాత ఇంకో బృందంతో వెళ్తే మండపం మధ్యలో నేలబండ లేచిపోయి ఉంది. నడుము లోతు గుంత. చుట్టూ పసుపు, కోసిన నిమ్మకాయలు, కొబ్బరి చిప్పలు. బండ అంచు మీద గడ్డపార దెబ్బలు తెల్లగా, కొత్తగా, అయిదారు వరసగా పడి ఉన్నాయి. ఆ బండ మీద అంతకుముందు రెండు చేపలు చెక్కి ఉండేవి. ఒకటి రెండు ముక్కలైంది. తవ్వింది వాళ్లో కాదో నాకు తెలియదు. నా మాట విని తవ్వారేమోనన్న దిగులు మాత్రం ఇప్పటికీ పోలేదు. ఆ సాయంత్రమే వెళ్లి స్టేషన్‌లో చెప్పాను.

కాబట్టి ఎవరడిగినా ఒకటే జవాబు: ఇక్కడ నిధి లేదు సార్, ఉన్నవి ఈ రాళ్లే. ఇంకా అడిగితే 1878 నాటి చట్టం ఒకటుంది, నేలలో దొరికిన సొమ్ము పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పి తీరాలి, దాచుకుంటే జైలు అని చెప్పు. మళ్లీ అడిగినవాళ్ల బండి నంబరు రాసుకో. తెలియని ప్రశ్న వస్తే "తెలియదండీ, కనుక్కుని చెప్తాను" అను, రాత్రికి వాట్సాప్‌లో చెప్పు. నాకు రెండోసారి, మూడోసారి వచ్చిన వాళ్లలో ఎక్కువమంది ఆ మెసేజీ అందుకున్నవాళ్లే.

దిగాక చెక్క గరిటెలు చేసే ఇళ్లకు తీసుకెళ్లు. నర్ది, బిక్కి, దేవదారి చెక్కతో చేసే మన ఉదయగిరి స్పూన్లకు జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సరుకేనని ప్రభుత్వమిచ్చే గుర్తింపు, ఉందని మన ఊళ్లోనే చాలామందికి తెలియదు. అంగట్లో చూపించడం కన్నా చేస్తున్న చోట కూర్చోబెట్టు. ఒక పెద్దామె దగ్గర నేను కూడా ఎన్నోసార్లు కూర్చున్నాను. ఫోర్కు పళ్ల మధ్య సన్నటి ఆకురాయి పెట్టి గీకుతుంది, ఊదుతుంది, బొటనవేలితో తడుముతుంది, మళ్లీ గీకుతుంది. ఒక్క ఫోర్కుకు నాలుగు పళ్లు, పక్కన తట్ట నిండా ఇంకా వంద ఉంటాయి. అది చూసినవాళ్లు బేరమాడరు. వాళ్ల దగ్గర కమీషన్ మాత్రం తీసుకోవద్దు. నీకు కొండ డబ్బు వచ్చింది కదా, ఆ గరిటె డబ్బు ఆమెది.

ఎండాకాలం సంగతికొస్తే, అప్పుడు నేను భైరవకోనకు తీసుకెళ్తాను. సీతారాంపురం మీదుగా దారి. కొండను తొలిచి చేసిన ఎనిమిది శివాలయాలు ఒకే చోట ఉంటాయి, కొండెక్కలేని పెద్దవాళ్లకు కూడా వీలు. కారు వాళ్లదే, మనం దారి చూపించి గుళ్ల గురించి చెప్పడమే. మిగతా రోజుల్లో మా బావ మోటారు రిపేరు షాపులో కూర్చుంటాను. ఈ ఒక్క పని మీదే ఏడాదంతా గడుస్తుందని నీకు చెప్పలేను, పెళ్లి సంబంధాల దగ్గర కూడా ఇదే నిజం చెప్పాను. మన ఆడపిల్లలు కూడా ఈ పనిలోకి రావాలి. ఆడవాళ్ల బృందాలు ఫోన్ చేసి "లేడీ గైడ్ ఉన్నారా?" అని అడుగుతున్నారు, ఇప్పుడు మా పిన్ని కూతురు రెండు ఆదివారాలుగా నాతో వస్తోంది.

చివరగా చెన్నై బండ్ల మాట. చెన్నై నుంచి వచ్చేవాళ్లు ఎక్కువ. వాళ్లు కారెక్కేటప్పుడు ఒక మాట చెప్పు: హంపీకి వెళ్లిన మా బాలకృష్ణుడు ఇప్పుడు మీ ఊళ్లోనే, ఎగ్మోరు మ్యూజియంలో ఉన్నాడు, ఒకసారి చూసి రండి అని. ముగ్గురు నిజంగానే వెళ్లి నాకు ఫొటో పంపించారు. పోయిన నెల పంపిన ఒకామె ఫొటో కింద, "ఉదయగిరి నుంచి వచ్చానని చెప్పాను ఆయనకి" అని రాసింది. ఆ ఫొటో ఇప్పుడు నా సంచిలో, మా అత్తతో ఎక్కినప్పటి ఆ చిన్న పుస్తకంలో ఉంది. కొండ మీద బాలకృష్ణుడి మాట వచ్చినప్పుడు తీసి చూపిస్తాను.