డెస్క్‌టాప్ కంప్యూటరుపై అసెంబ్లీ భాష: మొదటి అడుగులు
ప్రాసెసర్‌కు ఒక్కొక్క ఆదేశాన్ని నేరుగా రాసే భాషైన అసెంబ్లీని నేర్చుకోదలచినవారు ముందుగా తమ కంప్యూటరులోని ప్రాసెసర్ ఏ రకానికి చెందినదో తెలుసుకోవాలి. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లకు రాసిన ఆదేశాలు ఆర్మ్ ప్రాసెసర్‌పై నేరుగా నడవవు. ఇక్కడ చెప్పేది 64 బిట్ల ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ రకం) ప్రాసెసర్‌పై లినక్స్ వాడేవారికి వర్తిస్తుంది. రాసిన ఆదేశాలను యంత్రభాషలోకి మార్చే నాస్మ్ అనే అసెంబ్లర్, దాన్ని నడపగల ఫైలుగా కూర్చే ఎల్‌డీ అనే లింకర్, ప్రోగ్రామును ఆపి ఆపి పరిశీలించే జీడీబీ అనే డీబగ్గర్ ఉంటే చాలు.

తెరపై అక్షరాలు చూపే ప్రోగ్రాముతో మొదలుపెట్టడం ఆనవాయితీయే గాని, నా దృష్టిలో అంతకన్నా చిన్నది మేలు. ప్రాసెసర్ లోపల విలువలు ఉంచే చిన్న చోట్లను రిజిస్టర్లంటారు. ఆర్ఏఎక్స్ రిజిస్టరులో 60, ఆర్‌డీఐ రిజిస్టరులో 7 ఉంచి, లినక్స్‌ను పని కోరే సిస్‌కాల్ ఆదేశం ఇవ్వండి. ప్రోగ్రామును ముగించమని లినక్స్‌ను కోరే సంఖ్య 60. ముగిసేటప్పుడు ప్రోగ్రాము వెనక్కి ఇచ్చే ఫలితం 7. ప్రోగ్రామును నడిపిన వెంటనే షెల్‌లో (ఆదేశాలు టైపు చేసే చోట) ముగింపు ఫలితాన్ని అడిగితే 7 కనిపిస్తుంది. 7 బదులు 300 పెట్టి చూడండి: 44 వస్తుంది, ఎందుకంటే ఆ ఫలితంలో చివరి 8 బిట్లు మాత్రమే షెల్‌కు అందుతాయి.

తరువాత అదే ప్రోగ్రామును జీడీబీలో తెరచి, ఒక్కొక్క ఆదేశాన్నే నడుపుతూ, ప్రతిసారీ రిజిస్టర్లలో ఏమి మారిందో చూడాలి. నిజమైన చదువు ఇక్కడే జరుగుతుంది కనుక తొందరపడకండి. ఆర్ఏఎక్స్‌లోని దిగువ సగమైన ఈఏఎక్స్‌లో విలువ రాస్తే పై 32 బిట్లు సున్నా అయిపోతాయి. కాని 8 బిట్ల ఏఎల్‌లో రాస్తే మిగతావి చెక్కుచెదరవు. ఈ తేడా తెలియక గంటలు పోగొట్టుకునేవారు చాలామంది. అలాగే, సిస్‌కాల్ జరిగాక ఆర్‌సీఎక్స్, ఆర్11 రిజిస్టర్లలోని పాత విలువలు నిలవవు. కావలసినవాటిని ముందే వేరేచోట దాచుకోవాలి.